గేజికి తెలుగు ఏంది సార్?

పోయిన భాగం చదివి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. "అన్నా, మన చరిత్ర చెప్తా చెప్తా మధ్యలో ఈ భాష గొడవ ఎందుకు పెట్టినావు?" అన్నాడు. ఫోన్లో జవాబు చెప్తే క్లాసు అయిపోతుంది. అందుకని రాస్తున్నాను. మొదలు మాత్రం నా తప్పుతోనే పెడతాను.

రెండేళ్ల కిందట డిగ్రీ పిల్లలకు ఒక అసైన్‌మెంటు ఇచ్చాను. "మీకు బాగా తెలిసిన యంత్రం గురించి రెండు పేజీలు రాయండి." 20 మార్కులు. ఎక్కువమంది సెల్‌ఫోన్ మీద రాశారు, అంటే సెల్‌ఫోన్ వల్ల లాభాలూ నష్టాలూ రాశారు. పదో తరగతి నుంచీ మేం నేర్పిన వ్యాసరచన అది. ఒక్కడు మాత్రం నిజంగా యంత్రం గురించి రాశాడు. తుంగభద్ర ఒడ్డు పల్లె పిల్లోడు. వాళ్ల నాయన కాలిపోయిన బోరు మోటర్లకు వైండింగ్ చేస్తాడు. వీడికి ఆంప్లిఫయర్లు కట్టడం పిచ్చి. పాత టీవీలూ టేపురికార్డర్లూ విప్పి సామాన్లు ఏరుకుంటాడు. ఆంప్లిఫయరుకు కావలసిన ట్రాన్స్‌ఫార్మర్‌ని సొంతంగా ఎట్లా చుట్టుకోవాలో రెండు పేజీలు రాశాడు. బాబిన్ ఎంతది తీసుకోవాల, ఎన్ని చుట్లు వెయ్యాల, పొరకూ పొరకూ మధ్య కాగితం ఎందుకు పెట్టాల, రేకులు ఎట్లా దూర్చాల, గట్టిగా బిగించకపోతే ఎందుకు గుయ్యిమంటుంది, అన్నీ.

నేను 9 మార్కులు వేశాను. ఎర్ర పెన్నుతో కింద రాశాను: "ఆంగ్ల పదాలు ఎక్కువ. యాస తగ్గించుకో. చక్కని తెలుగు వాడు."

పిల్లోడు స్టాఫ్ రూముకు వచ్చాడు. మార్కుల కోసం కాదు. నోటుబుక్కు తెరిచి పెన్ను పట్టుకుని, "సార్, గేజికి తెలుగు ఏంది? రాసుకుంటా" అన్నాడు. నేను ఆలోచించి "తీగ మందం" అన్నాను. వాడు రాసుకోలేదు.

"మందం గాదు సార్. మందమంటే నంబరు పెరిగితే పెరగాల గదా. గేజి నంబరు పెరిగితే తీగ సన్నబడతాది. 18 కంటే 22 సన్నం. మందం అని రాస్తే ఎవడన్నా చదివి తప్పు తీగ కొనుక్కుంటాడు. చుట్టినదంతా కాలిపోతాది సార్."

తెలుగు సాహిత్యంలో డాక్టరేటు ఉన్న మనిషిని నేను. ఆ పూట నా దగ్గర ఆ పిల్లోడికి ఇవ్వగలిగిన మాట ఒక్కటి లేదు.

తర్వాత వాడే నన్ను వాళ్ల వాట్సాప్ గ్రూపులో చేర్చాడు. నలభై మంది దాకా ఉంటారు. ఆదోని, బేతంచెర్ల, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల పిల్లోళ్లు. పగలు ఒకడు బేల్దారి పనికి పోతాడు, ఒకడు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీకి, ఒకడు పార్సిల్ బండి తోలుతాడు. రాత్రి తొమ్మిది దాటినాక గ్రూపు మేలుకుంటుంది. ఏప్రిల్ 14 దగ్గరపడితే ఇంక నిద్రే పోదు. జయంతి ఊరేగింపుకు బాక్సులు అద్దెకు తేవాలంటే వాడలో పోగైన చందా చాలదు. ఎవరి వాడ బాక్సులు వాళ్లే కట్టుకోవాల.

అక్కడ నేను నోరు మూసుకుని చదివాను. చాలా నెలలు చదివాను. తెలుగు పంతులు బుద్ధి కాబట్టి ముందు తప్పులు వెతికాను. తర్వాత శైలి కనబడింది.

అంతా ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. పిలుపు ఒక్కటే: అన్నా. పదహారేళ్లోడు నలభై ఏళ్లోణ్ని అన్నా అంటాడు, నలభై ఏళ్లోడూ పదహారేళ్లోణ్ని అన్నా అంటాడు. ఉపోద్ఘాతం ఉండదు. ఫోటో ఉంటుంది కాబట్టి వర్ణన ఉండదు. కర్త దాదాపు ఎప్పుడూ ఉండదు.

"అన్నా ఆన్ జేస్తానే గుయ్యిమంటాంది."

"కండెన్సరు పొంగిందేమో జూడు."

"పొంగల్యా."

"ఐతే ఎర్త్ పట్టల్యా. బాడీకి వైరు తగిలించి జూడు."

"పెడితి. తగ్గె."

రోగం, పరీక్ష, మందు, ఫలితం. ఐదు మెసేజీల్లో అయిపోయింది. మా పరిశోధన వ్యాసాల్లో ఇంత పని జరగడానికి ముందుమాట కూడా చాలదు.

నేను నామవాచకాలు లెక్కబెట్టాను. ఇంచుమించు అన్నీ ఇంగ్లీషే. నేను 9 మార్కులు వేసింది దీనికే కదా అనుకున్నాను. తర్వాత క్రియల మీద కన్ను పడింది. "చెక్ చెయ్యి" లాంటివి కొన్ని తీసేస్తే మిగతావన్నీ తెలుగే. కండెన్సరు పొంగుతుంది. లెడ్డు వదులుతుంది. ఫీజు కొట్టేస్తుంది. వోల్టేజీ పడుతుంది, కరెంటు లాగుతుంది. వాల్యూము తిప్పితే గీరుతుంది. ట్రాన్సిస్టరు కాలడం వేరు, ఐసీ చావడం వేరు. కాలితే మసి కనబడుతుంది, వాసనొస్తుంది. చస్తే పైకి అంతా బాగానే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. "సౌండు పగులుతాంది" అంటే స్పీకరు అట్ట చినిగిందని కాదు, వాల్యూము పెంచితే గొంతు బొంగురుపోయినట్టు వస్తుందని. అట్ట చినిగితే "చినిగింది" అనే అంటారు. ఈ తేడాలు ఆదోనిలో ఉన్నోడికీ మైదుకూరులో ఉన్నోడికీ ఒకేలాగ తెలుసు. ఎవరూ నిర్వచించలేదు. ఒక్క మాటకు ఒక్క అర్థం, వినేవాడికి అనుమానం ఉండకూడదు. పారిభాషిక పదం అంటే ఇదే అని మాకు ఎం.ఏ.లో చెప్పారు. అయితే ఏ పారిభాషిక పదకోశం తెరిచినా మీకు కనబడేది నామవాచకాల బారులు. "పొంగు", "పగులు", "వదులు" అందులో వెతకండి.

తెలుగువాళ్ల భాషా తగాదాలన్నీ నామవాచకాల మీదే ఎందుకు జరిగాయి? దీనికి మన కడప దాకా పోవాలి.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితుల్ని జీతానికి పెట్టుకుని, తాటాకు ప్రతులు తెప్పించి శుద్ధప్రతులు రాయించాడు. ఆ చోటే ఇప్పుడు కడపలో ఆయన పేరున భాషా పరిశోధన కేంద్రం ఉంది. నేను పీహెచ్‌డీ రోజుల్లో అక్కడ కూర్చుని చదువుకున్నవాణ్నే, ఆ రుణం నాకుంది. బ్రౌన్ 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. పండితులు కావ్యాల్లో లేని మాట మాటే కాదనే కాలంలో జనం నోటి మాటల్ని ఎక్కించాడు. అది చిన్న పని కాదు. అయితే 1854లో ఇంకో పుస్తకం విడిగా వేశాడు. తెలుగులో వాడే మిశ్రమ భాషల మాటలకూ, పరభాషా పదాలకూ వేరే నిఘంటువు. పార్సీ, హిందుస్తానీ, ఇంగ్లీషు నుంచి వచ్చి కచేరీలో, కోర్టులో, బజార్లో తిరిగే మాటలు ఎక్కువగా అందులోకి పోయాయి. నిఘంటువు కూర్చేవాడికి అది సౌకర్యం కావచ్చు. రైతు శిస్తు కట్టేటప్పుడు వాడే మాట ఒక అట్టలో, పద్యం చదివేటప్పుడు వినే మాట ఇంకో అట్టలో. మనకు ఆ రెండు అట్టలూ బుర్రలో ఉండిపోయాయి. నా ఎర్ర పెన్ను ఆ రెండో అట్టదే.

ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. అదే బ్రౌన్ 1852లో "జిల్లా డిక్షనరీ" అని ఒకటి తెచ్చాడు. దేశంలో సర్కారు పనుల్లో, వ్యవహారాల్లో వాడే మాటల్ని పూర్తిగా రోమన్ లిపిలో ఇచ్చాడు. మన లిపి రాని దొరకు పని జరగాలి కాబట్టి. పని జరగడానికి మన మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం 170 ఏళ్ల కిందటే అచ్చయింది. మా గ్రూపు పిల్లోళ్లు కనిపెట్టిన పాపం కాదు.

కర్నూలు సంగతి వేరే. 1839 దాకా నవాబుల చేతిలో ఉన్న ఊరు. ఇక్కడ వడ్రంగి రందా పడతాడు, బర్మాతో బెజ్జం వేస్తాడు, మెకానిక్ పానాతో నట్టు విప్పుతాడు. వాళ్లమీద మేస్త్రీ ఉంటాడు, ఆ మాట పోర్చుగీసు ఓడెక్కి వచ్చింది. వీళ్లలో ఎవరినీ చక్కని తెలుగు వాడమని అడిగినోడు లేడు. ఎందుకంటే వాళ్ల మాట కాగితం మీదికి వస్తుందని ఎవరూ అనుకోలేదు. కాగితం మీదికి వచ్చినప్పుడే మాటకు కులగోత్రాలు అడుగుతారు.

గిడుగు రామమూర్తి గారిని ఇక్కడ తలవకపోతే అన్యాయం. గ్రాంథికాన్ని బడుల మీదినుంచి దించడానికి ఆయన జీవితం ధారపోశాడు. 1919లో "తెలుగు" పేరుతో పత్రిక నడిపాడు. సవరల భాష నేర్చుకుని వాళ్ల కోసం పుస్తకాలు రాసినవాడు, జనం మాట విలువ ఆయనకు తెలియదని అనలేం. కానీ ఆ ఉద్యమం బడిలోకి తెచ్చిన భాష పేరు చూడండి: శిష్ట వ్యావహారికం. వ్యాకరణం మెడ మీదినుంచి దిగింది, "శిష్ట" దిగలేదు. శిష్టుడంటే ఎవడు? చదువుకున్నవాడు. అప్పటికి చదువుకున్నది ఎవరో నేను చెప్పక్కరలేదు. ఆ శిష్టుల మాట ఏ జిల్లాలదో తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తి గారు తేల్చి చెప్పారు. తెలుగును నాలుగు మాండలిక మండలాలు చేసి, ఆధునిక ప్రమాణ భాషకు ఆధారం కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల మధ్య మండలం అన్నారు. మేం దక్షిణ మండలం. మా "పొంగల్యా" ప్రమాణం కాదు.

అయితే కృష్ణమూర్తి గారు చేసిన పెద్ద పని వేరే ఉంది. మాండలిక వృత్తి పదకోశం. మొదటి సంపుటం వ్యవసాయం, 1962. రెండోది చేనేత, 1971. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. ఊళ్లకు పోయి, వస్తువు చూపించి, దీన్ని మీరేమంటారని పనిచేసేవాళ్లను అడిగి రాసుకున్న పుస్తకాలు. నాగలిలో ఒక్క ముక్కకు జిల్లాకో పేరు. ఇంత మర్యాదగా పల్లె మనిషి ముందు నోటుబుక్కు తెరిచిన పని తెలుగులో అరుదు.

అదే ఊళ్లో, అదే కాలంలో, 1968లో తెలుగు అకాడమీ పెట్టారు. కళాశాలల్లో తెలుగులో పాఠం చెప్పడానికి పుస్తకాలు కావాలి, పదాలు కావాలి. మంచి ఉద్దేశమే. కానీ ఆ పదాలు చాలావరకు పొలం నుంచి రాలేదు, సంస్కృత ధాతువుల నుంచి వచ్చాయి. త్వరణం, అర్ధవాహకం, పరివర్తకం. పరివర్తకం అంటే ట్రాన్స్‌ఫార్మర్. మీ ఊళ్లో పిడుగు పడి ట్రాన్స్‌ఫార్మర్ పోతే "పరివర్తకం పోయింది" అని లైన్‌మన్‌కు ఫోన్ చేసి చూడండి. ఒకే నగరంలో ఒకరు జనం మాటలు ఏరి సంపుటాలు కట్టారు, ఇంకొకరు జనం ఎన్నడూ అనని మాటలు తయారుచేశారు. పిల్లల పాఠాల్లోకి ఎక్కింది రెండోది. తెలుగు మీడియంలో చదివిన మా తరం దళిత పిల్లలు ఆ మాటల్ని బట్టీ పట్టి పరీక్ష రాసి, పై చదువుల్లో ఇంగ్లీషు మాటలు మళ్లీ మొదటినుంచీ నేర్చుకున్నారు. రెండుసార్లు దెబ్బ తిన్నారు.

1990లకు వద్దాం. కంప్యూటర్ల మీద తెలుగు ముచ్చట మొదలైంది అమెరికాలో. అక్కడి విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న తెలుగు ఇంజనీర్లకు తెలుగులో రాసుకోవాలని కోరిక, తెరమీద తెలుగు అక్షరం లేదు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఆర్‌టీఎస్ అనే పద్ధతి తయారైంది. ఇంగ్లీషు చిన్నబడీ పెద్దబడీ వాడి ఏ తెలుగు అక్షరాన్నైనా రాసే లెక్క. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గడులు కేటాయించారు గానీ, మామూలు కంప్యూటర్లలో అది సరిగా కనబడటానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఆ లోపల వాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశారు. దాన్ని భాషాసేవ అన్నాం. నిజంగా సేవే, ఆ తర్వాత వచ్చిన "లేఖిని" ఆ ఆర్‌టీఎస్ మీదే కట్టింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి మా వాడ పిల్లోళ్ల చేతికి ఇంటర్నెట్ అందింది. వాళ్లూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారు. దీన్ని మాత్రం భాష చచ్చిపోతోంది అన్నాం. పెద్దబడి అక్షరాల లెక్క తెలియదనే తప్ప రెండింటికీ తేడా ఏముంది?

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. జీతం లేకుండా, రాత్రుళ్లు కూర్చుని, ఇష్టంతో చేసినవాళ్లు. హాబీ అంటే అదే. వాళ్లకు సాంకేతిక మాటలు కావలసి వచ్చింది, అకాడమీ లాగ కాకుండా తెలుగు చుట్టూ చూశారు. టెంప్లేట్‌కు "మూస" అన్నారు. మూస కంసాలి కొలిమిలోది, బంగారం కరిగించేది, పోతపోసేది. ఇంకా ఎదగని చిన్న వ్యాసానికి "మొలక" అన్నారు, అది రైతుది. యూజర్‌కు "వాడుకరి". ఫైలుకు "దస్త్రం", అది బ్రౌన్ రెండో అట్టలోకి తోసిన కచేరీ వాసన మాట. నాకు ఈ పేర్లు ఇష్టం. చేతిపని నుంచి మాట తీసుకుంటే నోటికి పడుతుందని వాళ్లు చూపించారు.

అందరూ కూర్చుని చర్చించుకునే చోటుకు మాత్రం "రచ్చబండ" అని పెట్టారు.

మా జేజినాయన ఊళ్లోకి పోతే రచ్చబండ కనబడేదానికి ముందే చెప్పులు చేతిలోకి తీసుకునేవాడంట. బండ మీద కూర్చోవడం సంగతి అడగొద్దు. పంచాయితీ మా వాళ్లదైతే ఎదురుగా నేల మీద నిలబడాల, తీర్పు బండ మీదినుంచి వస్తుంది. పేరు పెట్టినవాళ్లకు ఆ తలంపే వచ్చి ఉండదు, దురుద్దేశం అంటగట్టను. వాళ్ల మనసులో రచ్చబండ అంటే చెట్టునీడ, పదిమంది, స్వేచ్ఛగా మాట. కర్నూలు జిల్లాలో ఆ మాటకు ఇంకో బరువు కూడా ఉంది, 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి రచ్చబండ కార్యక్రమానికి పోతూనే మా నల్లమలలో హెలికాప్టరు కూలి చనిపోయాడు. సర్కారుకూ హాబీ ఇంజనీర్లకూ ఒకే మాట తట్టింది, అందరూ కూడే చోటంటే రచ్చబండ అని. మా వాడలో ఎవరినైనా అడిగి ఉంటే ఇంకేదన్నా చెప్పేవాళ్లు. బోరింగు కాడ అనేవాళ్లేమో.

కంసాలి మూస ఉంది, రైతు మొలక ఉంది. తోలుపని నుంచి వచ్చిన సాంకేతిక మాట ఏదన్నా ఉందా అని నేను వెతుక్కున్నాను. నాకు దొరకలేదు. తోలుపనిలో సాంకేతికత లేకనా?

ఈ ఎండు సీమలో కరెంటు మోటర్లు రాకముందు బావినీళ్లు పొలానికి పారించింది కపిల. బావి మీద గిలక, గిలక మీద మోకు, మోకు కొసన తోలుబాన. బాన అడుగున తోలు తొండం. ఎద్దులు వాలుబాటలో దిగితే బాన పైకి వస్తుంది, తొండం తనంతట తనే తొట్టిలో నీళ్లు కుమ్మరిస్తుంది. మనిషి చెయ్యి పెట్టాల్సిన పని లేదు. కిటుకు రెండు తాళ్లలో ఉంది: లావుది బానకు, సన్నది తొండానికి. పైకి వచ్చేటప్పుడు తొండం మడిచి నిలబడాల, అంచు దాటగానే వంగాల. తాళ్ల లెక్క తప్పితే నీళ్లు మళ్లీ బావిలోనే. ఆ తోలును సున్నంలో వేసి వెంట్రుక ఊడ్చి, లందలో తంగేడు చెక్క నీళ్లకు నానబెట్టి, రంపెతో కోసి, ఆరెతో పొడిచి, నీటిబొట్టు కారకుండా కుట్టింది మాదిగలు. కూలి కళ్లంలో కొలిచిన గింజలు. రాయలసీమ మొదటి పంపు మెకానిక్ ఎవరని ఏ పాఠంలోనైనా అడిగితే, అదీ జవాబు.

ఆరె, లంద, రంపె. నేను 9 మార్కులు వేసిన పిల్లోడి తాత వాడిన పనిముట్ల పేర్లు ఇవి. ఎనభై దాటిన మనిషి. కపిల బానలు కుట్టాడు, ఊరి పండగలకు పలక కొట్టాడు. ఆ పలకను మంట సెగకు కాపి, తోలు బిగిసిందా లేదా అని వేలితో తట్టి చూసేవాడు. దాన్ని ఎవరూ హాబీ అనలేదు. కొట్టకపోతే ఊళ్లో బతకనిచ్చేవాళ్లు కాదు. మనవడు ఆంప్లిఫయరు ముందు కూర్చుని సౌండు పగులుతాంది అంటాడు, తాత పలక గురించి చెప్పేటప్పుడు అదే మాట అన్నాడు: సెగ ఎక్కువైతే పగులుతాది. క్రియ ఒకటే. క్రియకు కులం లేదు కాబట్టి తాత నుంచి మనవడికి దిగింది. నామవాచకాలు దిగలేదు.

దిగకపోవడానికి కారణం మరపు అనుకున్నాను. పోయిన ఎండాకాలం వాళ్ల ఇంటికి ఫోను, నోటుబుక్కు పట్టుకుని పోయాను. కృష్ణమూర్తి గారి లాగ ఒక్కొక్కటీ అడిగి రాసుకుందామని. తాత మొదట నవ్వాడు. తర్వాత అన్నాడు: "లంద కంపు నీకు తెల్దు నాయనా. నువ్వు సదువుకున్నోనివి, నీకు మాటగానే ఉంటాది. మాకు ఒంటికి పట్టింది. బడికి పోతే మావోళ్లను ఆ పేర్లతోనే పిలిసి నగిరిరి. రాసుకుంటే రాసుకో. మా పిల్లోని పేరు పక్కన మాత్రం రాయద్దు."

ఆ మాట మనవడు అరుగు మీద కూర్చుని విన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బండి మీద నాకు తన జవాబు చెప్పాడు. "సార్, కర్నూల్లో సామాన్ల షాపుకు పోతే ఏ గేజి అని అడుగుతాడు. ఏ వాడ అని అడగడు."

పోగొట్టుకున్న వృత్తి పదాల కోసం కన్నీళ్లు పెట్టుకునే మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేనూ ఒకణ్నే. పనిచేసేవాడు ఆ పని నుంచి బయటపడ్డాకే ఆ మాట మనకు అందంగా కనబడుతుంది. గేజి, కండెన్సరు, లెడ్డు అనే మాటల్లో అందం లేదు, చరిత్ర లేదు, మన మట్టి లేదు. అందుకే మా పిల్లోళ్లకు అవి కావాలి. మట్టి లేని మాట వాళ్లకు మొదటిసారి దొరికింది. చంద్రభాన్ ప్రసాద్ ఇంగ్లీషును దేవత అన్నప్పుడు నేను తెలుగు అధ్యాపకుడిగా చిరాకుపడినవాణ్నే. ఆ బండి మీద కూర్చున్నప్పుడు ఆ చిరాకు నిలవలేదు. అట్లాగని ఆరెనూ లందనూ పారేయమని నేను అనలేను. తెలుగు సాంకేతిక చరిత్రలో మా పేజీ అవి. రెండూ నిజం. ఈ రెంటి మధ్య నాకు ఇప్పటికీ కుదరలేదు.

నోటుబుక్కులో అరవై దాకా మాటలు చేరాయి. ఎవరి పేరూ లేదు, ఊరి పేరు కూడా లేదు. మొన్న పిల్లోడు అడిగి ఒక పేజీ ఫోటో తీసుకున్నాడు. కపిల బొమ్మ ఉన్న పేజీ. చెప్పాపెట్టకుండా గ్రూపులో పెట్టాడు. నాకు గుండె దడ. ఎవడన్నా ఏదన్నా అంటాడేమోనని రాత్రి పదకొండు దాకా ఫోను చేతిలోనే పెట్టుకున్నాను.

ప్రొద్దుటూరు పిల్లోడు మొదట రాశాడు: "అన్నా ఇది యాడిది? కరెంటు లేకుండానే ఆటోమేటిక్కా?"

బేతంచెర్ల నుంచి ఇంకొకడు: "సన్న తాడు పొట్టిగుండాలా పొడుగ్గుండాలా?"

"పొట్టిగుంటే తొండం పైకి మడుసుకుంటాది. పొట్టిదే."

"ఎంత పొట్టి? లెక్క ఉండాల గదా. తొండం పొడుగును బట్టి ఉంటాదేమో."

పన్నెండు దాకా తాళ్ల పొడవుల మీదే నడిచింది. ఒకడు కాగితం మీద గీసి పంపాడు, ఇంకొకడు అది తప్పని తీర్చి గీశాడు. ఎవరు కుట్టేవాళ్లని ఒక్కడూ అడగలేదు. వృత్తి పదాలు రాసుకుందామని పోయిన నేను కూడా ఆ తేడా ఎంతో అడగలేదు, పేర్లు రాసుకుని వచ్చేశాను. చివర్న మా పిల్లోడు రాశాడు: "రేపు కనుక్కోని చెప్తా అన్నా. మా ఇంట్లో తెలిసిన మనిషి ఉండాడు."